తనంతట తాను తిరిగే పంపు

నడిరాత్రి వేళ ఇంటిల్లిపాదీ నిద్రలో ఉండగా, ఎవరూ ఏ కుళాయీ తిప్పకుండానే, పెరటిలోని నీటి పంపు గుర్రుమని మొదలవుతుంది. అరనిమిషమైనా తిరగకముందే టక్కున ఆగిపోతుంది. ముప్పావు గంట గడిచీ గడవకముందే మళ్లీ అదే వరుస. మొదటి రెండు రోజులు ఎవరూ పట్టించుకోరు. తరువాత నిద్ర చెడిన పెద్దవారు విసుక్కుంటారు. నెల తిరిగి కరెంటు బిల్లు వచ్చిన నాడు ఇంటి యజమాని, "ఈ మోటారు పాతబడినది, మార్చవలసిందే" అని తీర్మానిస్తాడు. కొత్త మోటారు వస్తుంది. ఆ రాత్రి ఆ కొత్త మోటారు కూడా, అదే వేళకు, అదే విధంగా గుర్రుమని మొదలవుతుంది.

పాపం, ఇందులో పాత మోటారు చేసిన నేరమేమీ లేదు. పిలుపు లేనిదే పంపు కదలదు. పిలిచినది మనిషి కానప్పుడు, ఎక్కడి నుంచో జారిపోతున్న నీరు పిలుస్తూ ఉండవలెను. లేదా ఉండవలసిన చోట గాలి లేకపోవడం చేత ఆ పిలుపు రావలెను. ఈ రెండింటిలో ఏది అన్నది పంపు మొదలయ్యే వరుసను బట్టే చాలావరకు తెలుసుకోవచ్చును. అందుకు పానా చేతబట్టడానికి ముందు ఒక గడియారం, శ్రద్ధగా వినే చెవి ఉంటే చాలును. ఈనాటి ప్రసంగంలో చెప్పదలచినది ఇంతే.

ముందుగా ఈ యంత్రం ఎట్లా పనిచేస్తున్నదో చూద్దాం. ఒకప్పుడు బావిలో చేద వేసినవారికే నీరు వచ్చేది. చేద పైకి వచ్చిన తరువాత బావి తన మానాన తాను ఉండేది. కుళాయి విషయం అట్లా కాదు. కుళాయి కట్టి ఉన్నప్పుడు కూడా దాని వెనుక గొట్టంలో నీరు ఒత్తిడితో నిలిచి ఉంటుంది. సూదిమొన అంత సందు దొరికినా బయటపడుతుంది.

ఒత్తిడితో నీరందించే ఇంటి పంపుకు నాలుగు ముఖ్యమైన అంగాలు ఉన్నవి. మొదటిది పంపు, దానిని తిప్పే మోటారు. రెండవది, పంపు ఎక్కించిన నీరు తిరిగి సంపులోకి పోకుండా అడ్డుపడే వాల్వు. దీనిని మన పనివారు ఎన్.ఆర్.వి. అంటారు. సంపులోకి దిగిన గొట్టం అడుగున ఉండే ఫుట్ వాల్వు చేసే పని కూడా ఇదే. మూడవది ప్రెషర్ స్విచ్చి. గొట్టాలలో ఒత్తిడి ఒక హద్దు కంటె తగ్గితే అది మోటారును వేస్తుంది, మరొక హద్దుకు పెరిగితే ఆపుతుంది. నాలుగవది ప్రెషర్ ట్యాంకు. ఇది ఒక చిన్న ఉక్కు పాత్ర. దాని లోపల ఒక రబ్బరు పొర ఉంటుంది. పొరకు ఒక ప్రక్క నీరు, రెండవ ప్రక్క గాలి.

ఈ గాలి ఎందుకు? నీటిని ఎంత నొక్కినా దాని పరిమాణం దాదాపు తగ్గదు. గాలి అట్లా కాదు. 1662లో రాబర్ట్ బాయిల్ అనే శాస్త్రజ్ఞుడు ప్రకటించిన నియమం మనలో చాలామంది ఉన్నత పాఠశాలలో చదువుకొన్నదే: ఉష్ణోగ్రత మారకుండా ఉన్నంతవరకు, గాలిపై ఒత్తిడి రెట్టింపు అయితే దాని పరిమాణం సగమవుతుంది. పంపు తిరిగినప్పుడు నీరు వచ్చి గాలిని నొక్కుతుంది. పంపు ఆగిన తరువాత, మనం కుళాయి తిప్పితే, నొక్కుడుపడిన గాలి సాగుతూ నీటిని బయటకు తోస్తుంది. అనగా మొదటి రెండు చెంబుల నీటికి మోటారును లేపవలసిన పనిలేకుండా ఆ గాలే మనకు సేవ చేస్తున్నది.

ఒక ఉదాహరణ తీసుకొందాం. ట్యాంకు మొత్తం పరిమాణం 24 లీటర్లు. స్విచ్చి 1.4 కిలోల ఒత్తిడి వద్ద పంపును వేసి, 2.8 కిలోల వద్ద ఆపుతుంది. ఇక్కడ కిలోలు అంటే ఒక చదరపు సెంటీమీటరుపై పడే బరువు. ఒక కిలో ఒత్తిడి పది మీటర్ల ఎత్తున నిలిచిన నీటి బరువుకు సమానం. ట్యాంకులో నీరు లేనప్పుడు గాలిని 1.2 కిలోల వరకు నింపినారు అనుకొందాం. బాయిల్ నియమం ప్రకారం, వాతావరణపు ఒత్తిడిని కూడా కలుపుకొని లెక్క కడితే, పంపు ఆగిన క్షణం నుంచి మళ్లీ మొదలయ్యే క్షణం వరకు ఆ ట్యాంకు సుమారు 8 లీటర్ల నీరు ఇవ్వగలదు. ఈ 8 లీటర్ల అంకెను గుర్తుంచుకోవలసిందిగా కోరుతున్నాను. దీనితో మనకు ముందు పని ఉన్నది.

ఇక రోగనిర్ణయానికి వద్దాం. వైద్యుడు నాడి చూసినట్లు, మనం రెండు ప్రశ్నలు వేసుకోవలెను. ఇంటిలో ఎవరూ నీరు వాడనప్పుడు కూడా పంపు మొదలవుతున్నదా? అట్లా కాక, కుళాయి తిప్పినప్పుడు మాత్రమే, ఆగకుండా తిరగవలసినది పోయి, మొదలవుతూ ఆగుతూ టకటకలాడుతున్నదా? మొదటి దానికి అవునంటే నీరు పోతున్నది. రెండవ దానికి అవునంటే గాలి పోయినది. రెండూ కలిసి కూడా ఉండవచ్చును. అప్పుడు ముందుగా గాలి సంగతి చక్కబెట్టి, తరువాత నీటి జాడ తీయవలెను.

మొదట, నీరు పోతున్న ఇంటి సంగతి. రాత్రి అందరూ పడుకొన్న తరువాత పంపు ఎన్ని నిమిషాల కొకసారి మొదలవుతున్నదో గడియారం చూసి వ్రాసుకోండి. 40 నిమిషాల కొకసారి అనుకొందాం. రోజుకు 36 సార్లు. మన ఉదాహరణలోని ట్యాంకు అయితే సారికి 8 లీటర్లు. అనగా రోజుకు 288 లీటర్లు. నెలకు 8,640 లీటర్లు. వేసవిలో 5,000 లీటర్ల ట్యాంకరు కొనుక్కొనే ఇంటివారు, ఒకటిన్నర ట్యాంకరుకు పైగా నీటిని నెలనెలా కంటికి కనబడకుండా పారబోస్తున్నారన్నమాట.

ఇందులో విచిత్రమేమంటే, కరెంటు నష్టం మనం అనుకొన్నంత ఉండదు. అర గుర్రపు శక్తి మోటారు సారికి ఇరవై సెకండ్లు తిరిగితే, 36 సార్లకు కలిపి రోజు మొత్తం మీద 12 నిమిషాలే. నెలకు నాలుగైదు యూనిట్లకు మించదు. కనుక బిల్లు పెరగలేదు గదా అని ఊరుకొనేవారు, బిల్లు పెరిగినదని మోటారును నిందించేవారు ఉభయులూ పొరబడుతున్నారు. అసలు నష్టం నీటిది. ఆ నీరు గోడలోనో, పునాదిలోనో ఇంకుతున్నట్లయితే నష్టం ఇంటిది కూడా.

నీరు ఎటు పోతున్నదో తెలుసుకొనడానికి ఒక సులభమైన పరీక్ష ఉన్నది. ప్రెషర్ ట్యాంకు దాటిన తరువాత ఇంటిలోకి పోయే పెద్ద గొట్టానికి ఒక వాల్వు ఉంటుంది. పంపు నిండా తిరిగి తనంతట తాను ఆగిన తరువాత మోటారు మెయిన్ స్విచ్చి తీసివేసి, ఆ వాల్వును కట్టివేయండి. గేజిలో ముల్లు ఎక్కడ ఉన్నదో చూసుకొని ఒక గంట ఆగండి. ముల్లు కదలకుండా ఉంటే పంపు, ట్యాంకు, ఎన్.ఆర్.వి. నిర్దోషులు. దోషం ఇంటి లోపల ఉన్నది. ముల్లు దిగిపోతే నీరు పంపు వైపే పోతున్నది. అప్పుడు సంపు మూత వద్ద చెవి ఒగ్గితే, నీరు వెనుకకు జారుతున్న సన్నని చప్పుడు ఒక్కొక్కప్పుడు వినిపిస్తుంది. ఎన్.ఆర్.వి.లో గాని ఫుట్ వాల్వులో గాని ఇసుక రేణువో, గొట్టపు తుప్పు పెళ్లో చిక్కుకొని, దాని మూత పూర్తిగా కూర్చొనకపోవడం తరచుగా జరిగే సంగతి. శుభ్రం చేస్తే సరిపోవచ్చును, లేదా చిన్న వాషరు మార్చవలసి రావచ్చును. మోటారు ఇరుసు వద్ద నీరు కారుతున్నదేమో కూడా చూడవలెను.

దోషం ఇంటిలో ఉన్నదని తేలితే మొదట అనుమానించవలసినది మరుగుదొడ్డిలోని ఫ్లష్ ట్యాంకును. కారే కుళాయి చుక్క చుక్కగా చప్పుడు చేసి తన తప్పు తానే చెప్పుకొంటుంది. ఫ్లష్ ట్యాంకు అట్లా చెప్పదు. దాని అడుగున ఉన్న రబ్బరు బిళ్ల అరిగితే, నీరు పింగాణీ గోడ వెంట సన్నని పొరగా జారిపోతుంది. కంటికి ఆనదు. పరీక్ష చాలా తేలిక. బట్టలకు వేసే నీలిమందును ఆ ట్యాంకులోని నీటిలో కొద్దిగా కలపండి. ఇరవై నిమిషాల వరకు ఎవరూ ఆ దొడ్డిని వాడకూడదు. తరువాత చూస్తే క్రింది నీటిలో నీలిరంగు కనిపించినదా, దొంగ దొరికినట్లే.

ఆ తరువాత, తమంతట తాము నీరు తీసుకొనే ఉపకరణాలను చూడవలెను. మంచినీటి శుద్ధియంత్రం నుంచి వ్యర్థజలం పోయే సన్నని గొట్టం ఉంటుంది. యంత్రంలోని పాత్ర నిండిన తరువాత కూడా ఆ గొట్టం చివర చుక్కలు పడుతూ ఉంటే, లోపలి వాల్వు కట్టుకొనడం లేదని అర్థం. వేసవిలో ఎయిర్ కూలరుకు అమర్చిన ఫ్లోటు, గీజరు రక్షక వాల్వు, తోటలో మట్టి క్రింద పరచిన గొట్టం, ఇవన్నీ రాత్రిపూట పంపును పిలిచేవే. ఒక్కొక్కదాని వాల్వు కట్టివేసి, పంపు మొదలయ్యే వ్యవధి మారినదేమో చూసుకొంటూ పోతే, ఏది కట్టినప్పుడు పంపు నిద్రపోయినదో అదే దోషి. అన్నీ కట్టినా పంపు మేల్కొంటూనే ఉంటే గోడలోని గొట్టాన్ని అనుమానించవలెను. సున్నం ఉబ్బిన చోటు, తడి మచ్చ, నేలపై తేలిన తెల్లని ఉప్పు మనకు గుర్తులు.

ఇక రెండవ రోగం, గాలి పోయిన ట్యాంకు. ఈ ఇంటిలో రాత్రిపూట పంపు నెమ్మదిగానే ఉంటుంది. అంట్లు తోమడానికి కుళాయి సగం తిప్పినప్పుడు మాత్రం నిమిషానికి నాలుగైదు సార్లు మొదలై ఆగుతుంది. కుళాయిలో నీరు ఒకసారి ఉధృతంగా, ఒకసారి నీరసంగా వస్తుంది. కారణం స్పష్టమే. గాలి మెత్త లేనప్పుడు గొట్టంలో ఉన్నది కేవలం నీరు. గ్లాసుడు నీరు పోతే ఒత్తిడి పడిపోతుంది, గ్లాసుడు నీరు చేరితే పెరిగిపోతుంది. స్విచ్చి పాపం ఏమి చేస్తుంది? తనకు నేర్పిన పనే చేస్తున్నది.

మోటారుకు ఎక్కువ ప్రమాదకరమైనది ఇదే. నిలిచి ఉన్న మోటారు మొదలయ్యే క్షణంలో, మామూలుగా తిరిగేటప్పటి కంటె ఐదారు రెట్లు కరెంటు తీసుకొంటుంది. తీగచుట్టలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని అనుసరిస్తుంది. ఆరు రెట్ల కరెంటు అంటే ఆ క్షణంలో 36 రెట్ల వేడి. ఆ వేడి చల్లారకముందే మళ్లీ మొదలు, మళ్లీ వేడి. గంటల తరబడి నిలకడగా తిరిగి ఏమీ కాని మోటారు, ఈ టకటకలతో కొద్ది కాలంలోనే కాలిపోవచ్చును. స్విచ్చి ముఖాలు కూడా నిప్పురవ్వలతో మాడిపోతవి.

గాలి పరీక్ష చేసే విధానం ఇది. మోటారు మెయిన్ స్విచ్చి తీసివేయండి. ఒక కుళాయి తిప్పి నీరంతా పోనిచ్చి, గేజి ముల్లు సున్నకు వచ్చేవరకు ఆగండి. ట్యాంకు తలపైనో ప్రక్కనో ఒక చిన్న మూత ఉంటుంది. దానిని విప్పితే లోపల కారు టైరుకు ఉండే మూతి వంటిదే కనిపిస్తుంది. దాని నడుమ ఉన్న సూదిని ఒక్క క్షణం నొక్కండి. గాలి వస్తే సంతోషించవలసిన విషయం. నీరు వస్తే రబ్బరు పొర చిరిగినదన్నమాట. పొరను గాని, పొర మార్చడానికి వీలులేని రకమైతే ట్యాంకును గాని మార్చవలసిందే. గాలి వచ్చినప్పుడు, టైరుకు గాలి చూసే గేజితో కొలిచి, పంపు మొదలయ్యే ఒత్తిడి కంటె కొంచెం తక్కువగా ఉండేట్లు సైకిలు పంపుతోనైనా నింపవచ్చును. మన ఉదాహరణలో 1.4కు మొదలవుతుంది కనుక గాలి 1.2 లేక 1.3 ఉండవలెను. ట్యాంకులో నీటి ఒత్తిడి ఉండగా కొలిస్తే ఆ కొలత చెల్లదు. రబ్బరు పొర ఎంత మంచిదైనా గాలి దాని గుండా కొద్దికొద్దిగా పోతూనే ఉంటుంది. అందుచేత సంవత్సరానికి ఒకసారి ఈ పరీక్ష చేయడం మంచి అలవాటు.

గాలి సరిగానే ఉండి కూడా పంపు టకటకలాడుతుంటే ఇంకా రెండు చోట్లు చూడవలెను. స్విచ్చికి నీటి ఒత్తిడి చేరవేసే సన్నని గొట్టం తుప్పుతోనో సున్నపు పెచ్చుతోనో మూసుకొనిపోవచ్చును. పంపుకూ ఇంటికీ నడుమ పెట్టిన వడపోత బురదతో నిండిపోయి ఉండవచ్చును. ఇటువంటప్పుడు కొందరు పనివారు స్విచ్చిలోని మరలను త్రిప్పి హద్దులు మారుస్తారు. అది జ్వరం వచ్చిన మనిషిని వదలి ఉష్ణమాపకాన్ని సరిచేయడం వంటిది. పై హద్దును పంపు అందుకోలేనంతగా పెంచితే, ఆ పంపు ఇక ఎన్నటికీ ఆగదు.

ప్రెషర్ ట్యాంకు లేని ఇళ్లు మనలో అనేకం. మేడమీద తొట్టి, దానిలో ఒక ఫ్లోటు. మట్టం తగ్గితే మోటారు తనంతట తాను మొదలవుతుంది. ఇక్కడ కూడా సూత్రం ఒకటే. రాత్రి తొట్టి నిండిన తరువాత మోటారు మెయిన్ స్విచ్చి తీసివేసి, ఇంటిలోకి దిగే వాల్వులన్నీ కట్టి, నీటి మట్టం వద్ద సుద్దతో గీత గీయండి. తెల్లవారిన తరువాత చూడండి. గీత వద్దనే నీరు నిలిచి ఉంటే దోషం ఇంటిలోని గొట్టాలలో ఉన్నది. మట్టం దిగితే తొట్టి పగిలి ఉండవలెను, లేదా ఎక్కించిన గొట్టం గుండానే నీరు వెనుకకు దిగుతూ ఉండవలెను. ఆ గొట్టం తొట్టి అడుగున కలిసినట్లయితేనే ఇది సాధ్యం. నీటి మట్టానికి పైన, గాలిలో విడిచిన గొట్టం గుండా తొట్టిలోని నీరు వెనుకకు రాదు. నీరు నిలకడగా ఉండి కూడా మోటారు మాటిమాటికి మొదలవుతుంటే ఫ్లోటు తీగను చూడండి. దానిని మరీ పొట్టిగా కట్టినట్లయితే రెండు బిందెల నీరు తగ్గగానే మోటారు లేస్తుంది. తీగ కొంచెం వదలు చేస్తే ఆ బాధ తీరుతుంది.

జాగ్రత్తల మాట చెప్పక ముగించరాదు. ప్రెషర్ స్విచ్చి మూత క్రింద ప్రాణం తీయగల కరెంటు ఉన్నది. మెయిన్ స్విచ్చి తీసి, ఎవరూ మళ్లీ వేయకుండా కట్టుదిట్టం చేసిన తరువాతనే ఆ మూత విప్పవలెను. తడి చేతులతో, తడి నేలపై నిలిచి మోటారును తాకరాదు. మోటారుకు ఎర్త్ సరిగా ఉన్నదో లేదో, ప్రమాదం జరిగినప్పుడు కరెంటును తెంచే రక్షక స్విచ్చి ఉన్నదో లేదో తెలిసినవారిచేత చూపించుకోవలెను. ఫుట్ వాల్వు కోసం ఎవరినీ ఒంటరిగా సంపులోకి దింపవద్దు. మూసి ఉన్న సంపులో గాలి పీల్చడానికి పనికిరానిదై ఉండవచ్చును. గొట్టాన్నే పైకి తీయించడం క్షేమం.

ఇంత శ్రద్ధ ఒక చిన్న పంపుకు అవసరమా అని అడిగేవారు ఉండవచ్చును. హైదరాబాదు నగరానికి నేడు కృష్ణ, గోదావరి జలాలు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరం నుంచి, ఎత్తుకు తోడబడి వస్తున్నవి. 2019లో మొదలైన జల జీవన్ మిషన్ గ్రామాలలో మనిషికి రోజుకు 55 లీటర్ల కుళాయి నీరు అందవలెనని లక్ష్యం పెట్టుకొన్నది. ఇందాక మనం కట్టిన లెక్కలో, ఒక్క అరిగిన రబ్బరు బిళ్ల గుండా పోయినది రోజుకు 288 లీటర్లు. ఐదుగురు మనుషులున్న కుటుంబానికి ఆ లక్ష్యం ప్రకారం రావలసిన నీరు 275 లీటర్లు మాత్రమే.

కాబట్టి ప్లంబరును పిలిపించే ముందు ఒక కాగితంపై మూడు సంగతులు వ్రాసి ఉంచండి: నీరు వాడనప్పుడు పంపు ఎన్ని నిమిషాల కొకసారి మొదలైనది, ఇంటి వాల్వు కట్టినప్పుడు గేజి ముల్లు నిలిచినదా దిగినదా, ట్యాంకు మూతి నొక్కినప్పుడు గాలి వచ్చినదా నీరు వచ్చినదా. ఈ మూడు సమాధానాలు చేతిలో ఉన్న ఇంటివారికి, అవసరం లేని మోటారును ఎవరూ అమ్మలేరు.